టికెట్టు రాజమండ్రి దాకా ఉంది

మా పాతలంక గోదావరిలో కలిసిపోయిన వరద తర్వాత రెండో ఏడు అది. మా వైపు సంవత్సరాలకు అంకెలు ఎవరూ చెప్పరు. ఆ వరదకు ముందా, తర్వాతా అంటారు. ఇల్లు పోయింది, వీధి పోయింది, రేవు దగ్గర నేను పడవలు చెక్కుకునే పాక పోయింది. గట్టు ఇవతల స్థలం ఇస్తే కొత్త ఇల్లు కట్టాను. నా భార్య తాయారు ఆ ఇల్లు చూడలేదు. మస్కట్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. పంతొమ్మిదేళ్ళు చేసింది. మధ్యలో రెండు మూడుసార్లు సెలవు మీద వచ్చి వెళ్ళింది. మా కూతురు శేషు నా దగ్గరే పెరిగింది.

ఆ వేసవిలో ఫోన్ చేసింది.

"ఇంక చాలయ్యా, వచ్చేత్తాను. ఒక్కదాన్నే రాలేను, ఆయాసం వత్తంది. నువ్వొచ్చి తీసుకెళ్ళు."

వెళ్ళాను. అంతకుముందు నేను విమానం ఎక్కి ఎరగను.

తిరుగు విమానం తెల్లవారుతుండగా లేచింది. మస్కట్ నుంచి హైదరాబాదు, అక్కడ విమానం మారి రాజమండ్రి. తాయారు కిటికీ పక్కన కూర్చుంది. కింద సముద్రం తప్ప ఏమీ లేదు. విమానంలో పనిచేసే పిల్ల ఒకతి నడవలో తిరుగుతోంది.

"నోరు విప్పి ఆ పిల్లని మంచినీళ్ళు అడగొచ్చు కదయ్యా" అంది.

"నువ్వడుగు."

"పంతొమ్మిదేళ్ళూ అన్నీ నేనే అడుక్కున్నాను. ఆ పిల్ల తెలుగు పిల్లే. మన శేషు ఈడుది. అడిగితే కొరకదులే."

తల పైనున్న మీట నొక్కాను. ఆ పిల్ల వస్తే మంచినీళ్ళు అడిగాను. తెచ్చేసరికి తాయారు తల నా భుజం మీద వాలి ఉంది. నిద్రపోయిందనుకున్నాను. ఆ పిల్ల వంగి చూసి, చేతిలో గ్లాసు పక్కన పెట్టేసింది.

తాయారుని నడవలో పడుకోబెట్టారు. ఆ పిల్ల పేరు రుబీనా, అక్కడి పనివాళ్ళకు పెద్ద. మోకాళ్ళ మీద కూర్చుని గుండె మీద నొక్కింది. చెమట పట్టాక ఇంకో పిల్ల నొక్కింది. విమానంలో ఎవరైనా డాక్టరు ఉన్నారా అని మైకులో అడిగారు. ఎవరూ లేవలేదు. ఛాతీ మీద రెండు బిళ్ళలు అంటించి కరెంటు పెట్టెకు కలిపారు. పెట్టె ఏదో మాట్లాడింది. రుబీనా తల అడ్డంగా ఊపి, వెనక్కి వెళ్ళి ఆకుపచ్చ దుప్పటి ఒకటి తెచ్చింది.

దాని అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది. విమానాశ్రయంలో సామాన్లు మోసేవాళ్ళు నిలుపుదుప్పటి అంటారని తర్వాత తెలిసింది. లోపలంతా సన్నటి గొట్టాలు. తాయారుకు చుట్టగానే మెడ దగ్గర రెండు సూదులు వాటంతట అవే దిగాయి. నాకు చెయ్యి అడ్డం పెట్టాలనిపించింది. దుప్పటి అంచు మీద చిన్న అద్దం వెలిగింది. అందులో ఒక గీత, తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది.

"బాబాయ్ గారూ, ఆమె పోలేదు. ఆగారు" అంది రుబీనా.

"ఆగడమేంటమ్మా?"

"గుండె ఆగింది. కానీ మెదడు చెడకుండా ఇది చల్లబరిచి ఎక్కడిదక్కడ నిలిపేస్తుంది. ఆ గీత మెదడుదే. హైదరాబాదులో డాక్టరు దీన్ని తెరిచి, అప్పుడు చెప్తారు."

"ఏమని?"

ఆ పిల్ల దుప్పటి అంచు సర్దింది.

"దగ్గర్లో ఎక్కడైనా దింపించమ్మా. ఆస్పత్రి ఉండకపోద్దా."

రుబీనా ముందున్న తలుపు వైపు చూసింది. "ఇంతకుముందైతే దింపేవాళ్ళం బాబాయ్. ఈ దుప్పటి వచ్చాక దారి మార్చక్కర్లేదని రూల్ వచ్చింది. పైలట్‌ని అడిగి చూశాను. వద్దన్నారు."

"దుప్పటి లేనప్పుడు పోయినోళ్ళని ఏం చేసేవోరు?"

"ఖాళీ సీటు చూసి కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మెడ దాకా మామూలు దుప్పటి కప్పేవాళ్ళం. పోయారని మేం అనకూడదు. కిందికి దిగాక డాక్టరే అనాలి."

"ఇప్పుడూ అదే కదమ్మా చేత్తున్నారు."

రుబీనా వెళ్ళి ఖాళీ సీటు వెతికింది.

చివరి వరసలో తాయారుని కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. పక్కన నేను కూర్చున్నాను. కాసేపటికి తిండి బండి వచ్చింది. ముందు వరసలో ఒకాయన టీలో పంచదార తక్కువైందన్నాడు. నాకేం కావాలని అడిగితే వద్దన్నాను. హైదరాబాదు వచ్చేదాకా నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

*

అందరూ దిగారు. ఒకావిడ వెళ్తూ వెళ్తూ తాయారుకు దణ్ణం పెట్టింది. తర్వాత ఇద్దరు మనుషులు చక్రాల మంచం తెచ్చి ఆమెను దాని మీదికి మార్చారు. రుబీనా కూడా వెంట వచ్చింది. పొడుగాటి అద్దాల నడవ. ఆ చివర ఒక గది ఉందని, అక్కడ డాక్టరు తెరుస్తారని, నేను బయట కూర్చోవాలని చెప్పారు.

వాళ్ళు ఎన్ని చెప్పినా నా మనసులో తాయారు పోయింది. పోయిన మనిషిని మోసుకెళ్తున్నారు. సగం దారి వచ్చాక మంచం పట్టుకుని ఆపాను.

"దించండి."

"ఏంటి బాబాయ్?" అంది రుబీనా.

"ఇక్కడ దించాలి. నేల మీద పెట్టండి."

మంచం తోసేవాళ్ళలో పెద్దవాడికి అర్థమైంది. "దింపుడు కళ్లం మేడమ్" అన్నాడు. "పాడె మోసేటప్పుడు నడిమిట్ల దించి, చెవుల మూడుసార్లు పిలుస్తరు. పానం ఉంటే లేస్తరని. మా దిక్కు కూడ చేస్తరు. జర ఆగుండ్రి, ఎంతసేపు పడ్తది?"

ఇద్దరూ పట్టి నేల మీద దించారు. చల్లటి రాతి నేల. నేను కూర్చుని, దుప్పటి చెవి దగ్గర కొంచెం తప్పించి, నోరు ఆనించాను.

"తాయారూ."

ఏమీ లేదు. అసలు ఏమైనా ఉంటుందని ఎవరూ చెయ్యరు. చెయ్యాలి కాబట్టి చేస్తారు.

"తాయారూ."

"మేడమ్, గీత!" అన్నాడు మంచం తోసే అతను.

మూడోసారి పిలిచాను. ఈసారి నేనూ చూశాను. తిన్నగా ఉన్న గీత చేప గాలం లాగినట్టు ఎగిరి, మళ్ళీ తిన్నగా అయింది.

రుబీనా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఇంతవరకు పదిమందికి చుట్టాను. ఒక్కసారి కూడా గీత కదల్లేదు" అంది.

"ఎవురన్నా పిలిచారా?" అన్నాను.

*

గదిలోకి నన్నూ రానిచ్చారు. కాసేపటికి ఇద్దరు వచ్చారు. ఒకాయన విమానాల కంపెనీ మేనేజరు, సుదర్శన్. ఇంకొకావిడ డాక్టర్ నిరంజని. సన్నగా, నెరిసిన జుట్టుతో ఉంది. ఆ దుప్పటిని తయారు చేసింది ఆవిడే. వాళ్ళ ప్రయోగశాల విమానాశ్రయం పక్కనే ఉంది. రుబీనా ఫోన్ చేస్తే చెప్పులు మార్చుకోకుండా వచ్చేసింది.

"మిషన్ లోపం" అన్నాడు సుదర్శన్. "మంచం దించేటప్పుడు కుదుపు వచ్చింది. గీత కదిలింది. డాక్టర్ గారూ, తెరిచేద్దాం."

నిరంజని తాయారు చెవి దగ్గర వంగి, "మంగతాయారు గారూ" అని పిలిచింది. గీత కదల్లేదు. సుదర్శన్‌ని పిలవమంది. రుబీనాని పిలవమంది. చప్పట్లు కొట్టింది. ఇనుప గిన్నె కింద పడేసింది. ఏమీ లేదు. నన్ను పిలవమంది.

గీత లేచింది.

నన్ను బయటికి పంపి, ఫోన్‌లో పిలవమంది. లోపల గీత లేచిందట. మళ్ళీ రమ్మంది.

"ఇప్పుడు ఆమె పేరు కాకుండా ఇంకెవరి పేరైనా పిలవండి. ఇంకో ఆడమనిషి పేరు."

"ఎవరి పేరమ్మా?"

"ఎవరిదైనా."

నాకు ఏదీ తోచలేదు. గట్టు మీద టీ కొట్టు పెట్టుకున్నావిడ గుర్తొచ్చింది. "సుబ్బులూ" అన్నాను.

గీత అంతకుముందు కన్నా రెట్టింపు ఎత్తు లేచింది.

నిరంజని నవ్వింది. నవ్వుతూనే అరచేత్తో మొహం మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

"వింటున్నారు" అంది. "గొంతు గుర్తుపడుతున్నారు. తెలియని గొంతు వస్తే కదలడం లేదు. మేం ప్రయోగశాలలో రెండేళ్ళు రకరకాల మోతలు వినిపించాం. ఒక్కరి సొంత మనుషుల్నీ పిలిపించలేదు."

సుదర్శన్ తలుపు వేశాడు. "డాక్టర్ గారూ, ఈ మాట ఈ గది దాటకూడదు."

"ఇప్పటివరకు ఎంతమందిని తెరిచాం?"

"అది ఇప్పుడెందుకు?"

"చల్లగా ఉండగానే మీట ఆపేసి, పోయారని రాశాం. అందరూ వింటూనే ఉన్నారు సుదర్శన్!" ఆవిడ నా వైపు తిరిగింది. "నేను దీన్ని ఆస్పత్రి దాకా తలను కాపాడటానికి చేశాను. దగ్గర్లో విమానం దించి, గంటలోపు గుండెకు వైద్యం చేస్తే మనిషి లేచి నడిచేవాడు. వీళ్ళు టైముకి దిగడానికి వాడుకున్నారు."

"ఇప్పుడు గుండెకి చెయ్యలేరా?" అన్నాను.

"చాలాసేపైంది. దుప్పటి తలను మాత్రమే నిలుపుతుంది. గుండె, ఊపిరితిత్తులు, లోపలివన్నీ చెడిపోయాయి." ఒక అడుగు నా దగ్గరికి వేసింది. "కానీ ఇలాగే ఉంచితే తల చెడదు. నాకు కొన్నేళ్ళు ఇవ్వండి. ఏదో ఒక దారి దొరకొచ్చు. ఆమెను నా ప్రయోగశాలలో పెట్టుకుంటాను. మీరు ఎప్పుడైనా వచ్చి మాట్లాడొచ్చు."

నేను తాయారు వైపు చూశాను. కళ్ళు మూసి ఉన్నాయి. పైపెదవి మీద ఆమెకు ఒక కాలిన మచ్చ ఉంది. మూకుట్లో నూనె చింది వచ్చింది.

"అన్నేళ్ళూ వింటానే ఉంటదా?"

నిరంజని గీత వైపు చూసింది.

"చీకట్లో, కదలకుండా?"

"అవును" అంది చివరికి. "అలాగే ఉంటుంది."

"అయితే వద్దు."

"సరే" అన్నాడు సుదర్శన్ వెంటనే. "అయితే తెరిచేద్దాం. పెద్దాయనా, మీరు బయట కూర్చోండి."

"ఆగండి" అంది నిరంజని. "చల్లగా తెరవను. వెచ్చజేసి తెరిస్తే, దుప్పటి దానంతట అదే కొంతసేపు నెత్తురు తిప్పుతుంది. ఆ కొంచెంసేపు ఆమె మేలుకోవచ్చు. మాట్లాడనూవచ్చు. పొయ్యి మీద టీ మరిగేంతసేపు, అంతే. తర్వాత మళ్ళీ నిలపడం కుదరదు."

ఆ మాట విన్నాక నాకు ఇంక ఆలోచించేది లేకపోయింది. ఆ కొంచెంసేపు తాయారుది. అది ఈ గదిలో, ఈ ట్యూబులైటు కింద, ఈ మేనేజరు ముందు ఖర్చు కాకూడదు. మా వైపు మనిషి ఆఖరిలో ఉంటే మంచం మీంచి నేల మీదికి దించుతారు, సొంత వాకిట్లో, అందరి మధ్య. కూతురు అక్కడ ఉంది.

"ఇంటి దగ్గర తెరుద్దాం" అన్నాను.

"కుదరదు" అన్నాడు సుదర్శన్. "నిలుపుదుప్పటిలో ఉన్నవాళ్ళను విమానాశ్రయం దాటించకూడదు. రూల్."

"ఈవిడ పోయిందా బాబూ, లేదా?"

"తెరిచాక డాక్టరు గారు చెప్తారు."

"తెరవకముందు?"

"తెరవకముందు... ప్యాసింజరే."

నేను జేబులోంచి టికెట్టు కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "టికెట్టు రాజమండ్రి దాకా ఉంది. ప్యాసింజరంటున్నారు. తీసుకెళ్ళండి."

ఆయన మొహం ఎర్రబడింది. "ఈ స్థితిలో ఆమె ఎలా కూర్చుంటుంది?"

"మస్కట్ నుంచి ఎలా కూర్చుందో అలాగే."

"మిగతా ప్యాసింజర్లు ఏమనుకుంటారు?"

"వచ్చేటప్పుడు వాళ్ళు టీలో పంచదార గురించి అనుకున్నారు."

రుబీనా గోడ దగ్గర్నుంచి ఇవతలికి వచ్చింది. "సార్, ఆమెకు బెల్టు పెట్టింది నేను. మీరు నేర్పిన రూల్ ప్రకారమే పెట్టాను. విమానంలో ఎవరూ పోరు అన్నారు. పోకపోతే దింపేయడానికి మనకు హక్కు లేదు. టికెట్టు ఉన్న మనిషిని ఎక్కించుకోలేదని నన్ను అడిగితే నేను ఇదే చెప్తాను."

"నువ్వు ఉద్యోగం గురించి ఆలోచించు రుబీనా."

"ఆలోచించే చెప్తున్నాను సార్."

నేను మంచం చక్రం పట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఇంకేమీ అనలేదు. అనాల్సినవి ఆయనకే ఉన్నాయి. చాలా అన్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఎవరికో ఫోన్ చేశాడు, ఇంకెవరికో చేశాడు. ప్రతి ఫోన్‌లోనూ అవతలివాళ్ళు, ఆమె పోయిందా లేదా అని అడుగుతున్నట్టుంది. ఆయన ఒక్కరికీ తిన్నగా చెప్పలేకపోయాడు. చివరికి ఫోన్ జేబులో పెట్టుకుని, నా మొహం చూడకుండా, "మధ్యాహ్నం విమానం, చివరి వరస" అన్నాడు.

*

రాజమండ్రి విమానంలో నిరంజని మా వెనక నిలబడి దుప్పటి బ్యాటరీ చూసుకుంటూ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

తాయారు వింటోంది. ఆ సంగతి తెలిశాక పక్కన ఊరుకుని కూర్చోలేకపోయాను. కానీ ఏం మాట్లాడాలి? ఫోన్‌లో ఆమె చెప్పేది, నేను ఊఁ కొట్టేవాణ్ణి. మా కాపురం అలాగే జరిగింది. ఇప్పుడు ఊఁ కొట్టేవాళ్ళు లేరు.

ఆమె చెవి దగ్గరికి జరిగి, వరద తర్వాత చెక్కిన పడవల గురించి చెప్పాను. ఏది ఎవరికి, ఏ చెక్కతో, ఏది నీళ్ళలో దింపిన రోజునే ఊట వేసిందో. మీ తమ్ముడు అప్పలకొండ మళ్ళీ పళ్ళు కట్టించుకున్నాడు, నమిలితే టకటకమంటాయి అన్నాను. శేషు మగ్గం పని నేర్చిందని, అల్లుడు మంచోడే గాని వండినదాంట్లో ఉప్పు చాలదంటాడని చెప్పాను. నువ్వొచ్చాక నీ చేతి కూర తిని మాట్లాడమన్నానని చెప్పాను.

గీత ఒక్కోచోట లేస్తోంది, ఒక్కోచోట లేవడం లేదు. అల్లుడి మాట దగ్గర బాగా లేచింది.

"ఆపకండి" అంది వెనకనుంచి నిరంజని.

గొంతు ఎండిపోయింది. రుబీనా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆ పూట ఆమెకు ఈ విమానంలో డ్యూటీ లేదు. అయినా ఎక్కింది.

రాజమండ్రి నుంచి వ్యానులో గట్టు దారి పట్టుకుని వెళ్ళాం. కబురు ముందే వెళ్ళింది, ఇంటి ముందు ఊరంతా ఉంది. వ్యాను ఆగగానే ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. అప్పలకొండ తలుపు లాగి చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఏం బావా, మా అక్కని మూటకట్టి తెచ్చావా! బతికుండగా ఒక్క మాట చెప్పలేదేంటి బావా!"

"ఏడవకు. వింటంది."

"ఏంటి?"

"మీ అక్క వింటంది. ఎవరూ ఏడవొద్దు."

ఏడుపు సగంలో ఆగింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాకు మతి పోయిందని కొందరు అనుకునే ఉంటారు. అప్పలకొండ మాత్రం కళ్ళు తుడుచుకుని, వంగి, "అక్కా, నేనే. ఈ పళ్ళు నప్పలేదే నాకు" అన్నాడు. గీత లేవడం చూసి వెనక్కి తూలి, పక్కనున్నవాడి కాలు తొక్కాడు.

వాకిట్లో అలికిన నేల మీద చాప కూడా వేయకుండా తాయారుని పడుకోబెట్టాం. నిరంజని పక్కన కూర్చుని దుప్పటి అంచున ఏవో మీటలు తిప్పింది. లోపలి గొట్టాలు ఒక్కొక్కటే వెచ్చబడ్డాయి. చెయ్యి పెడితే తెలుస్తోంది. తాయారు బుగ్గకు రంగు వచ్చింది.

"ఇప్పుడు పిలవండి" అంది.

"నువ్వు పిలువు" అన్నాను శేషుతో. తల్లి వెళ్ళేనాటికి దానికి పదేళ్ళు.

శేషు పిలవలేకపోయింది. దాని వీపు మీద చెయ్యి వేశాను.

"అమ్మా" అంది.

తాయారు కళ్ళు తెరిచింది.

ముందు ఆకాశం చూసింది. తర్వాత శేషుని చూసింది. చాలాసేపు చూసింది. నాకు లోపల కంగారుగా ఉంది, ఉన్న కాస్త సమయం చూపుల్లోనే అయిపోతోందని. కానీ చూడనివ్వాలి కదా.

"ఇంత చిక్కిపోయావేంటే" అంది. గొంతు గాలిలా వచ్చింది. "ఉప్పు చాలదంటాడా వాడు?"

శేషు నవ్వబోయి ఏడ్చింది. తల్లి అరచేతిలో మొహం పెట్టేసింది.

తాయారు నన్ను వెతికింది. నేను ముందుకు జరిగాను.

"చీకటయ్యా. అన్నీ వినపడతన్నాయి. బండి తోసుకెళ్ళారు. ఎవరో పంచదారన్నాడు. నువ్వు వద్దన్నావు. ఇంకేం అనలేదు. పక్కనున్నావో లేవో తెలవలేదు."

"పోయావన్నారే."

"ఎవరన్నారు?"

"పోలేదనీ అన్నారు."

"నువ్వేమనుకున్నావు?"

"పోయావనే అనుకున్నా."

"అందుకే పిలిచావా?" నవ్వింది. నవ్వితే ఆ మచ్చ పైకి లేచింది. "సుబ్బులెవర్తి?"

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. వెనకెక్కడో సుబ్బులు గొంతు వినిపించింది, "నేనేంటొదినా, నాకేం తెల్దు!" అని. తాయారు తల తిప్పి ఇంటి వైపు చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"గుమ్మం పడమటికి పెట్టావేంటయ్యా."

"ఏరు అటుంది."

"ఉంటే? సాయంత్రం ఎండంతా వంటింట్లోకే. పొయ్యి ఎనక్కి జరుపు..."

చెప్తూ చెప్తూ ఆగింది. చేత్తో పొయ్యి ఎటు జరపాలో చూపిస్తోంది. ఆ చెయ్యి మెల్లగా శేషు జుట్టు మీదికి వాలింది. నిరంజని దుప్పటి మీద చెయ్యి వేసి, నా వైపు చూసి, కళ్ళు దించేసింది. దుప్పటి చల్లబడిపోయింది.

అప్పుడు చెప్పాను, ఇంక ఏడవొచ్చని.

పొద్దు ఉండగానే తీసుకెళ్ళాం. సగం దారిలో పాడె దించారు. అప్పలకొండ నా వైపు చూశాడు. కూర్చుని చెవిలో మూడుసార్లు పిలిచాను. పలకలేదు. లేపమన్నాను.

*

మర్నాడు పొద్దున్నే నిరంజని ప్రయాణమై వాకిట్లో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది, తియ్యడం లేదు.

"సుదర్శన్" అంది. "ఆ గది పక్క గదిలో, దుప్పట్లలో ఇంకా కొందరున్నారు. ఇంటివాళ్ళు రావాలని ఆగినవాళ్ళు. సంగతి బయటికి పొక్కకముందే ఈ మధ్యాహ్నం అందరినీ తెరిచేస్తారట, చల్లగా. నేను కాకపోతే ఇంకో డాక్టరుతో. నేను వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడతాను. రుబీనా రాత్రే వెళ్ళింది, అక్కడే ఉంది. కానీ మా ఇద్దరి మాట ఎంతసేపు సాగుతుందో తెలియదు."

"వాళ్ళ ఇంటోళ్ళకి తెలుసా?"

"శవాన్ని తీసుకెళ్ళడానికి రమ్మని చెప్పారు. అంతే తెలుసు."

"వాళ్ళ నంబర్లున్నాయా మీకాడ?"

ఆవిడ నన్ను చూసింది. ఇంకో ఫోన్ సంచిలోంచి తీసి, ఎవరు ఎక్కడి నుంచి వస్తూ ఆగారో చెప్పి, నంబర్లు ఎక్కడున్నాయో, ఎలా నొక్కాలో చూపించింది. తర్వాత వ్యాను ఎక్కి వెళ్ళిపోయింది.

నేను తడిబట్టతో అరుగు కింద కూర్చున్నాను. అప్పలకొండ చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి బావా ఇది? కర్మ పట్టినోడివి. నిన్న తలకొరివి పెట్టి, ఇయ్యాల మైలతో పరాయోళ్ళ ఇళ్ళకి ఫోన్లేంటి? వాళ్ళేమనుకుంటారు? అశుభం బావా!"

"ఆళ్ళ అశుభం నా వల్ల రాలేదు."

"నీకసలు మాట్టాడ్డం వచ్చా? శేషు పెళ్ళికి మా ఇంటికి పిలవడానికొచ్చి పిలవకుండా ఎళ్ళిపోయిన మనిషివి!"

"ఇప్పుడు పిలుత్తాలే. కాస్త అవతలుండు."

మొదటి నంబరు నొక్కాను. ఒకాయన ఎత్తాడు. నేను మొదలుపెట్టగానే, పొద్దున్నే తాగావా అని పెట్టేశాడు. మళ్ళీ నొక్కాను. పెట్టేశాడు. మూడోసారి నొక్కితే విన్నాడు. ఏమీ అనలేదు గాని, పెట్టేయలేదు.

రెండో నంబరు జగిత్యాల వైపుది. ఒకావిడ ఎత్తింది. వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"ఎవరు మాట్లాడేది?"

"నా పేరు కొల్లాటి సూరన్న అమ్మా. గోదావరి ఒడ్డు. నేను నీకేం కాను. మీ ఆయన దుబాయి నుంచి వత్తా విమానంలో..."

"ఎరికే. పోయిండు" అంది. "పైసల కోసం చూస్తున్నం, బండి మాట్లాడెటందుకు. ఇయ్యాల రమ్మన్నరు."

"మీరొచ్చేదాకా తెరవొద్దని చెప్పమ్మా. ఫోన్ చేసి గట్టిగా చెప్పు. నువ్వెళ్ళి చెవి దగ్గర కూచుని పిలువు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళు."

అవతల పిల్లల గోల ఆగిపోయింది. ఆవిడే ఆపించి ఉంటుంది.

"నేను పిలిస్తే ఇంటడా?"

"ఇంటాడమ్మా. నిన్న మా ఆవిడ ఇంది."

ఆవిడ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నట్టు గాజుల చప్పుడైంది.

"ఏమని పిల్వాలె?" అంది.

"ఇంట్లో ఎలా పిలుత్తావో అలాగే."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. బండి కోసమే పెట్టేసిందని నమ్మాను. తర్వాతి నంబరు నొక్కాను.